తెగులుకి కాపలా

తాతాజీకి తన వరిచేను మీదున్న శ్రద్ధ ఒంటి మీది చొక్కా మీద కూడా ఉండేది కాదు. చొక్కాకి గుండీలు లేకపోయినా తిరిగేవాడు గానీ, చేలో ఒక్క ఆకు ఎర్రబడిందంటే ఆయనకి ముద్ద దిగేది కాదు. పొలం భీమవరం రోడ్డు పక్కనే. బస్సుల్లో వెళ్ళేవాళ్ళంతా తన చేను చూసి మెచ్చుకుంటున్నారని ఆయన నమ్మకం. వాళ్ళలో సగంమంది నిద్రపోతుంటారని భార్య పాపాయి ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు.

తొంభై ఎనిమిదిలో సార్వాకి, అంటే వానాకాలం పంటకి ముందు, పరిశోధన కేంద్రం నుంచి సత్యకుమారి గారనే సైంటిస్టు వచ్చారు. నాలుగు రకాల వరి వేసి, ఒక్కో రకంలో సగానికి తెగులు మందు కొట్టి, సగం కొట్టకుండా వదిలేసి, ఏది తట్టుకుంటుందో పోల్చి చూడాలట. పదిమందికీ కనిపించేలా రోడ్డు పక్క పొలమే కావాలన్నారు. తనని ఏరికోరి అడిగారని తాతాజీ పొంగిపోయి, వద్దన్న మడుల్లో చుక్క మందు పడనివ్వనని మాటిచ్చేశాడు.

ఆశ్వయుజం వచ్చేసరికి పొడ తెగులు దిగింది. మందు లేని మడులు పాముపొడలాంటి మచ్చలతో ఎండి వేలాడాయి. దారినపోయే ప్రతివాడూ సైకిలాపి, "ఏంటండీ తాతాజీ గారూ, ఒంట్లో బాగోట్లేదా?" అనడమే. పరిశోధన సంగతి చెప్పబోతే, "అలాగేలెండి" అని జాలిగా తలాడించి వెళ్ళిపోయేవారు. పేరున్న రైతుకి ఇంతకన్నా నరకం ఏముంటుంది! మందు కొడితే మాట పోతుంది, కొట్టకపోతే పరువు పోతుంది. చివరికి చూడలేక, రాజమండ్రిలో చెల్లెలింటికి పారిపోయాడు.

కొన్నాళ్ళకి తిరిగొచ్చి చూస్తే, ఆ మడుల్లోనే కొత్త ఆకులు కళకళలాడుతున్నాయి. గట్టంతా మందు వాసన. సరిగ్గా అప్పుడే సత్యకుమారి గారు జీపు దిగారు.

"ఇదేంటండీ, మాటిచ్చి మందు కొట్టేశారా?"

"మా అమ్మ మీద ఒట్టండీ! నేనసలు ఊళ్ళోనే లేనండీ!"

ఆ కేకకి పక్క చేలోంచి లోవరాజు వచ్చాడు. "నేనే కొట్టానండి. పాపం, పెద్దాయనకి మతి చలించి చేను గాలికొదిలేశారు. చూస్తూ ఊరుకుంటామాండీ?"

అవతలి గట్టు మీంచి చిట్టియ్య అందుకున్నాడు. "అదేంట్రా, నువ్వూ కొట్టావా? నేను మంగళవారమే కొట్టానే!"

ఆరా తీస్తే ఇరుగుపొరుగు రైతులంతా ఒకరికి తెలియకుండా ఒకరు తలో ట్యాంకు మందు కొట్టి, తెలిస్తే ఆయన నొచ్చుకుంటాడని గుట్టుగా ఊరుకున్నారు. కొట్టాల్సిన మడుల కన్నా కొట్టకూడని మడులే ఎక్కువ మందు తాగాయి.

సత్యకుమారి గారు తల పట్టుకున్నారు. తాతాజీకి మాత్రం కళ్ళు చెమర్చాయి. వీళ్ళంతా తనని చూసి నవ్వుకుంటున్నారని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు, వెర్రి మనిషి!

"మేడమ్ గారూ, వచ్చే సార్వాకి మళ్ళీ ఇక్కడే పెట్టండి. ఈసారి నేను కదలనండి," అన్నాడు.

నిజంగానే కదల్లేదు. మరుసటేడు తెగులు సోకిన మడి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పెళ్ళిపెద్దలా దర్జాగా కూర్చున్నాడు. జాలిపడి ఎవరైనా ట్యాంకు భుజానేసుకుని అటు రాబోతే, కర్ర పుచ్చుకుని లేచేవాడు.

"అక్కడే ఆగండి! నా తెగులు జోలికొచ్చారంటే మర్యాదగా ఉండదు!"