వియ్యపురాళ్ళ బిక్కి పువ్వు

మా పెళ్ళయి నాలుగేళ్ళు దాటినా మా అమ్మా మా అత్తమ్మా ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకునేవాళ్ళు. అమ్మది గద్వాల దగ్గరి గట్టు అనే ఊరు, అత్తమ్మది అమ్రాబాద్, నడుమ వనపర్తిలో మా కాపురం. ఎప్పుడైనా మా ఇంట్లో కలిస్తే “తిన్నరా వదినె”, “పానం మంచిగున్నదా” అని రెండు మాటలు అనుకుని, ఇక టీవీ వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. మనసులో ఏ కోపాలూ లేవు. మాట్లాడుకోవడానికి ఏమీ దొరికేది కాదు, అంతే.

ఆ ఎండాకాలం మా ఇంట్లో పాత బండలు తీసేసి కొత్తవి వేయిస్తున్నాం. ఇల్లంతా దుమ్ము. అప్పటికే నా దగ్గరికి వచ్చి ఉన్న అమ్మను కూడా వెంటబెట్టుకుని, నేనూ మా ఆయనా అమ్రాబాద్ వెళ్ళాం.

నాకు పూలపొదల పిచ్చి పట్టుకుని అప్పటికి ఏడాది అవుతోంది. నాది మందుల షాపులో పొద్దంతా నిలబడే ఉద్యోగం. ఆదివారం కాళ్ళు సాగదీద్దామని వనపర్తి బయట గుట్టల వెంట నడవడం మొదలుపెట్టాను. తంగేడు, వావిలి అయితే అందరికీ తెలిసినవే. తెలియని పొద కనబడితే మాత్రం నాకు అడుగు ముందుకు పడేది కాదు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, నలిపితే ఏం వాసన వస్తుంది, తుంచితే పాలు కారతాయా అని చూస్తూ అక్కడే నిలబడిపోయేదాన్ని. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఒకటి ఫోన్లో ఉంది కానీ, అది మా గుట్ట మీది కలివి పొదను మూడుసార్లు అడిగితే మూడుసార్లూ మల్లె అనే చెప్పింది.

అమ్రాబాద్‌లో ఆ రోజు ఎండ తగ్గాక, ఊరి వెనక రాళ్ళ దిన్నె వైపు బయలుదేరాను. ఇంట్లో ఉక్కపోతగా ఉందని అమ్మా అత్తమ్మా ఇద్దరూ నా వెంట వచ్చారు. దిన్నె మీద బండల సందున నా భుజం ఎత్తు పొద ఒకటి కనబడింది. బూడిదరంగు కొమ్మలు. ఒక్కో కొమ్మ కొసన, చిగురు మొదట్లో, తేనెబొట్టులాంటి బంక మెరుస్తోంది. పొడుగాటి మొగ్గలు మెలిదిరిగి ఉన్నాయి, ఇంకా ఒక్కటీ విచ్చలేదు. నేను ఫోన్ తీసేలోగానే అమ్మ కొమ్మను దగ్గరికి వంచుకుంది.

“ఇది బిక్కె గదనే. మా గట్టు గుట్టల మీద శానా ఉంటది.”

“మేము బిక్కి అంటం” అంది అత్తమ్మ. “ఈ బంకను చూస్తె చాలు, ఎవరన్న గుర్తుపడ్తరు.”

కన్నడ సరిహద్దు దగ్గరి అమ్మ ఊర్లోనూ, ఈ అడవి ఊర్లోనూ ఆ పొదకు దాదాపు ఒకటే పేరు ఉందని తెలిసి ఇద్దరి ముఖాలూ వెలిగాయి. నేను ఊరుకుని ఉంటే అక్కడితో అయిపోయేది.

“మరి పువ్వు ఏ రంగుల ఉంటది?” అని అడిగాను.

“పసుపు” అంది అమ్మ.

“తెలుపు” అంది అత్తమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మీరు దేన్నో చూసి దేన్నో అనుకుంటున్నరు వదినె” అంది అమ్మ మెల్లగా. “పసుపు గొట్టినట్టు ఉంటది. నేను తల్ల పెట్టుకున్న.”

“తెల్లగ పాలతీరు ఉంటది. వాసన ఇంత దూరం వస్తది. నా కండ్ల ముందల పూసే చెట్టు నాకు తెల్వదా?”

“మా దగ్గర పూయదా మరి? నేనేమన్న అబద్ధం చెప్తున్ననా?”

“అబద్ధమని నేనన్ననా? నువ్వే అంటున్నవ్.”

ఆ ‘నువ్వు’ అత్తమ్మ నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. “నువ్వే ముందుగాల అన్నవ్” అని అమ్మ కూడా అదే వరసలో జవాబిచ్చింది. ఇంటికి వచ్చేదాకా ఆ వాదన ఆగలేదు. అన్నం తినేటప్పుడు మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, “ఏమైంది వీళ్ళకు?” అని అడిగాడు. పువ్వు గొడవ అంటే నమ్మలేదు.

తెల్లవారకముందే అత్తమ్మ అమ్మను తట్టి లేపింది. ముగ్గురం దిన్నె ఎక్కాం. పొద దగ్గరికి చేరకముందే వాసన తగిలింది. రాత్రి విచ్చుకున్న పూలు కొమ్మ కొమ్మకూ తెల్లగా, మచ్చ లేకుండా ఉన్నాయి. అత్తమ్మ చేయెత్తి పూల వైపు చూపించింది.

అమ్మ ఒక పువ్వును వంచి లోపలికి చూసింది. “అయితే మా దగ్గరిది వేరే జాతి” అని వెనక్కి తిరిగింది.

నాకు అనుమానంగానే ఉంది. ఆ బంక, ఆకు, కొమ్మ అన్నీ చూసే కదా అమ్మ దాన్ని గుర్తుపట్టింది. ఒక పువ్వు కాడకు నా చున్నీ అంచు నుంచి లాగిన దారం కట్టి వచ్చాను. ఆ పూటంతా అమ్మ ముభావంగా ఉంది. అత్తమ్మ ఆమె కోసమని పనిగట్టుకుని జొన్నరొట్టెలు చేసినా, ఒకటి తిని చాలంది.

సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. దారం కట్టిన పువ్వు అక్కడే ఉంది. పసుపు పచ్చగా ఉంది. పొద్దున మేము చూసిన పూలన్నీ అదే రంగుకు తిరిగి ఉన్నాయి. వాటి పక్కన రేపటి మొగ్గలు మెలిక విప్పుకుంటున్నాయి.

ముందు నవ్వింది అమ్మే. తర్వాత ఇద్దరూ ఆ బండ మీదే కూలబడి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“మేము కూలికి పోయేటప్పుడు చీకటి” అంది అమ్మ. “చేన్ల పని జేసి పొద్దు గూకంగ మళ్ళొస్తుంటిమి. గప్పుడే ఆ గుట్ట పొంటి నడిచేది. నాకు తెల్లగ ఎట్ల కనిపిస్తది?”

“మేము ఇప్పపూలు ఏరనీకి తెల్లారంగనే పోతుంటిమి. ఎండ ఎక్కితే అడివిల ఎవరుంటరు? నేను పసుపు పువ్వును ఎన్నడు జూడలే” అంది అత్తమ్మ. ఆమె ఒక పువ్వు తెంపి అమ్మ కొప్పులో పెట్టింది.

ఆ తర్వాత ఇప్పపూల గంపల గురించి, చేనుగట్ల మీద తిన్న సద్దుల గురించి, వాళ్ళ వాళ్ళ అత్తల గురించి మాటలు సాగిపోయాయి. ఎంతసేపు చూసినా లేచేట్టు కనబడలేదు. మా ఆయన ఫోన్ చేసి వంట సంగతి అడిగితే, “నువ్వే ఎసరు పెట్టు. మేము ఇప్పట్ల రాము” అన్నాను. ఆ రాత్రి మెత్తగా ఉడికిపోయిన అన్నాన్ని ముగ్గురం వంక పెట్టకుండా తిన్నాం.

వానలు పడ్డాక అత్తమ్మ మాకు చెప్పకుండానే గద్వాల బస్సెక్కి గట్టు వెళ్ళిపోయింది. మర్నాడు నేను షాపులో ఉండగా అమ్మ ఫోన్ నుంచి వీడియో కాల్ వచ్చింది. తెరనిండా ఒక ముళ్ళ కొమ్మ. దానికి సగం గులాబీ, సగం పసుపు రంగులో వేలాడుతున్న పూలకంకి. వెనక నుంచి రెండు గొంతులు కలిసిపోయి వినిపిస్తున్నాయి.

“వెల్తురు చెట్టు అని నేనంటున్న. తుమ్మజాతిదే ఇంకోటి అని మీ అమ్మ అంటున్నది. నువ్వు చెప్పు బిడ్డా” అంది అత్తమ్మ.

మందుల కోసం వచ్చిన పెద్దాయనను జర ఆగమని, నేను ఫోన్ దగ్గరికి తీసుకున్నాను.

“జర ఆకు చూపెట్టుండ్రి అత్తమ్మా” అన్నాను.