తమ్ముడి ఆకలి కోసం నాగాయలంక నుంచి బందరు దాకా

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. కోపంతో చేసింది. నాగాయలంకలో పడవ మీద చేపల వేటకెళ్ళే మా తమ్ముడు నవీన్ గంజాయి మానేసి పది రోజులైంది. మానిన రోజు నుంచి వాడికి ముద్ద దిగడం లేదు. పొద్దున్నే వాడి భార్య రత్న ఫోన్ చేసింది. "వదినా, ఆ పాడుది ఉన్నప్పుడే నయమండీ, రెండు కంచాలు తినేవారు. ఇప్పుడు చిక్కి సగమైపోయారు. ఆయనతో వేటకొచ్చే శ్రీను కాస్త తెచ్చిస్తానంటున్నాడు" అంది. నా ఒళ్ళు మండిపోయింది.

నేనుండేది గుడివాడలో, ఆరున్నరకి పామర్రు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టిక్కెట్టు ఉచితం. పామర్రులో అవనిగడ్డ బస్సు వెంటనే దొరికింది. అవనిగడ్డ నుంచి నాగాయలంకకి షేర్ ఆటో. నా మొహం చూసి డ్రైవరు ఏమైందని అడిగాడు, చెప్పాను. "గంజాయి కొడితే తెగ ఆకలేస్తదంటగా అండీ, బిర్యానీ సెంటర్లన్నీ ఆళ్ళ మీదే నడుస్తున్నాయి" అని నవ్వాడు.

"నవ్వకండి బాబూ. అది కడుపు అడిగే ఆకలి కాదు, మత్తు అడిగేది" అన్నాను. 

నిజానికి నా మీద నాకే ఎక్కువ కోపం. వేట నుంచి వచ్చిన మగాడు కంచం ఖాళీ చేస్తే మా వాళ్ళకి అదో గొప్ప. పోయినేడు నవీన్ మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే, "రత్న చేతి మట్టగిడస చేపల పులుసు మహిమ" అని మురిసిపోయింది నేనే. ఎవరి కన్నూ పడకూడదని రత్న ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీసేది. వాడి కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని ఇద్దరిలో ఒక్కరం కూడా అడగలేదు.

తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి, వాడితో పాటు వేటకెళ్ళే శ్రీను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పేపరు పొట్లం. "మందనుకో అక్కా. రెండు దమ్ములు లాగితే అన్నం అదే దిగుద్ది" అన్నాడు. పొట్లం లాక్కుని ఇంటి ముందు మురుగుకాలవలో విసిరేశాను. "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే పోలీసులకి నేనే ఫోన్ చేస్తాను, పో" అన్నాను. నవీన్ కళ్ళు మాత్రం తేలుతూ వెళ్ళే పొట్లం వెంటే వెళ్ళాయి. అది చూశాక ఇక ఆగలేదు. రత్న క్యారేజీ సర్దింది, ముగ్గురం బందరు ఆసుపత్రికి బయలుదేరాం.

అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికి పదకొండున్నర. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. "ఇన్నాళ్ళూ ఆకలిని గంజాయే పుట్టించింది. అది ఆగింది కాబట్టి ఆకలీ ఆగింది. రెండు మూడు వారాల్లో దానంతటదే వస్తుంది. కొంచెం కొంచెం పెట్టండి, బలవంతం చెయ్యకండి. మళ్ళీ అది మాత్రం ఇవ్వకండి" అన్నారు.

బస్టాండులో బెంచీ మీద రత్న క్యారేజీ విప్పుతూ, "ఏడాదిగా తిన్నారు కదా, ఒక్కరోజైనా నా పులుసు బాగుందా అసలు?" అని అడిగింది. వాడు తల దించుకున్నాడు. "ఏం తిన్నానో తెలిసేది కాదు రత్నా" అన్నాడు. ఆమె ఏడవలేదు గానీ, గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

వాడు చిన్న ముద్ద కలిపి, చాలాసేపు నమిలి మింగాడు. రెండోది కూడా. మూడో ముద్దకి మొహం చిట్లించి, "ఉప్పెక్కువేశావే" అన్నాడు. రత్న చెంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వాడు కంగారుపడ్డాడు. నాకు మాత్రం పొద్దుటి నుంచి పట్టిన కోపం కాస్త దిగింది.

ఎంత తిన్నాడని లెక్కపెట్టే ఇళ్ళు మనవి. ఎందుకు తింటున్నాడో, ఏం తింటున్నాడో వాడికి తెలుస్తోందో లేదో చూడం. శ్రీనుల మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. మీరూ ఇలా ఎవరినైనా తీసుకెళ్ళాల్సొస్తే ఒక్కటి చెబుతాను. ఇంటి నుంచి చిన్న క్యారేజీ పట్టుకెళ్ళండి, రెండు ముద్దలకి సరిపడా చాలు. వంకలు పెడితే నొచ్చుకోకండి.