ప్రాగ్ విమానం కంటే ముందే

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వే తప్ప నమ్మకం ఎప్పుడూ లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. కానీ ఆ శుక్రవారం సాయంత్రం సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం మాట మార్చేస్తాను.

మేం ఐర్లండ్‌లో, డబ్లిన్ ఎయిర్‌పోర్టు దగ్గర స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉంటాం. మా వారిని కంపెనీ రెండేళ్ళ కాంట్రాక్టు మీద చెక్ దేశంలోని ప్రాగ్ ఆఫీసుకు పంపింది. దూరం పదిహేను వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ, విమానంలో రెండున్నర గంటలు. హైదరాబాద్‌లో ఎక్కిన రైలు మన రాజమండ్రి చేరేలోగా నేను వెళ్ళి తిరిగొచ్చేయొచ్చు అని ఆయన తేలిగ్గా అనేవారు.

ప్రాగ్ గడియారం మాకంటే గంట ముందుంటుంది. అందుకని వారం వారం ఆయన శుక్రవారం వచ్చేటప్పుడు గంటన్నరలోనే వచ్చేసినట్టు ఉంటుంది. అలా కలిసొచ్చిన గంటను ఆదివారం వెళ్ళేటప్పుడు లాగేసుకుంటారు. ఆ ఆదివారాలంటే నాకు ఒళ్ళుమంట.

కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామన్నారు. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వద్దనమని అడగాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. కానీ ఆయన ఎంతో ఇష్టపడి చేస్తున్న పని అది. నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రం మేడమీద బట్టలు మడత పెడుతున్నాను. ఆయన ఎక్కిన విమానం గాల్లో ఉంది. ఆయన చొక్కా చేతిలో పట్టుకుని, ఇంక ఉండిపోండి అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

కాసేపటికి మా అన్వి మెట్లెక్కి వచ్చింది. ఆరేళ్ళది, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ ఐరిష్ యాసలో ఇంగ్లీషే. అలాంటిది ఆ రోజు తెలుగులో చెప్పింది.

"అమ్మా, నాన్న వచ్చాడు. నీళ్ళు తాగి, పోయాడు."

వెళ్ళిపోయాడు అనబోయి అలా అందని తెలుసు. తెలిసినా, విమానంలో ఉన్న మనిషి గురించి ఆ మాట వినగలమా? ఫోన్ చేస్తే కలవలేదు.

వంటింట్లోకి పరుగెత్తాను. సింకు పక్కన ఆయన స్టీలు గ్లాసు తడిగా, బోర్లించి ఉంది. ఆయన పేరు చెక్కించిన గ్లాసది, ఇంకెవరం అందులో తాగం. ఇక్కడివాళ్ళు ప్రెస్ అని పిలిచే అల్మారాలో పై అరలో పెడతాను. కుర్చీ ఎక్కినా అన్వికి అందదు. వీధి తలుపుకు లోపల వేసిన గొలుసు వేసినట్టే ఉంది.

"నువ్వు తీశావా?" అని అడిగాను.

"నో, డాడీ డిడ్. హీ వాజ్ గ్రాండ్, మామీ," అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉన్నాడని.

ఆయన దిగేదాకా నేను పడ్డ యాతన పగవాళ్ళకు కూడా వద్దు. ఏడింటికి ఇంటి మీదుగా విమానం చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఫోను. "దిగాను" అన్నారు. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చాక, నేనేమీ చెప్పకముందే ఆయనే మొదలుపెట్టారు.

"ఫ్లైట్‌లో కునుకు పట్టేసిందే. ఇంటికొచ్చి నీళ్ళు తాగుతున్నట్టు కల. పైనుంచి నువ్వు, ఇంక ఉండిపోండి అన్నావు."

"మీరేమన్నారు?"

ఆయన నోరు తెరిచేలోపే అన్వి అందుకుంది. "హీ సెడ్ సరే."

ఆయన దాని వంక చూసి, మెల్లగా తలూపారు.

సోమవారం ప్రాగ్ వాళ్ళకు వద్దని చెప్పేశారు. ఆ గ్లాసు ఎవరు దింపారో, కలలో మాట పిల్ల చెవిన ఎలా పడిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఉండిపోండి అని నేను ఈ రోజుకీ ఆయన్ని నోటితో అడగలేదు.