విత్తనానికి ఉంచిన కంద

నిన్న మా కోడలు ఆఫీసు నుంచే ఫోనులో తెప్పించిన కంద పొట్లం కొండాపూరులోని మా ఫ్లాటుకు వచ్చింది. చెక్కు తీసి, కడిగి, అన్నీ ఒకే కొలతకు కోసిన ముక్కలు. సాయంత్రం వచ్చి, "చేతులు దురద పెట్టవు అత్తయ్యా, ఇంకేం కావాలి మీకు?" అంది. నిజమే. కానీ బాల్కనీ కుండీలో పాతడానికి, మొలక వచ్చే కన్నున్న గడ్డ ఒక్కటి తెమ్మని నేను మూడుసార్లు అడిగాను.

మా అత్తవారిది గోదావరి లంక ఊరు. మాఘమాసానికల్లా కంద తవ్వడం, షావుకారుకు తూచడం అయిపోయేవి. విత్తనపు గడ్డల్ని మా అత్తగారు మట్టి దులపకుండా, కన్ను పైకి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా చీకటి కొట్టులో ఇసుక మీద పేర్చేవారు. వైశాఖం దాకా ఆ తాళంచెవి ఆవిడ బొడ్డునే ఉండేది.

నా పెళ్లయిన రెండో ఏడు వరద నీరు నిలిచి పంట సగమే వచ్చింది. ఆ మాఘ బహుళ పంచమి నాడే మా ఆడపడుచును చూడవచ్చినవారు పిల్ల నచ్చిందని, భోజనానికి ఉంటామన్నారు. శుభం మాట అనుకున్న రోజు విస్తట్లో కంద బచ్చలి లేకపోతే ఎంత వెలితో నా ఈడు వారికి చెప్పనక్కర్లేదు. ఇంట్లో విత్తనం తప్ప గడ్డ లేదు.

"వాళ్ల ముందు నా పరువు పోతుందే, కొట్టు తియ్యి," అన్నారు మామగారు.

"తీస్తాను. వచ్చే ఏడు మీకు ఇసుక వేయించి పెడతాను," అన్నారు అత్తగారు.

అన్నారే గానీ, తీశారు. ఒక్కో గడ్డనూ అడ్డంగా కోసి, కన్నున్న పై చిప్ప తన దగ్గర ఉంచుకుని, అడుగు భాగమే నా ముందుకు తోశారు. నేను చేతులకు చింతపండు రాసుకుని చెక్కు తీస్తుంటే, ఆవిడ ఆ చిప్పల్ని పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టారు. ఆవ ఘాటుకు కళ్లు తుడుచుకుంటూనే వియ్యంకుడు మారు వడ్డించమన్నారు. పెళ్లి కుదిరింది. చిన్న ముక్క నాటితే చిన్న గడ్డే ఊరుతుంది కనుక, మరుసటి ఏడు వచ్చిందంతా మళ్లీ విత్తనానికే పోయింది. ఆ ఏడాదంతా మామగారు కంద పేరెత్తలేదు.

నిన్న పొట్లాన్ని పళ్లెంలో పోసి, ముక్క ముక్కా తిప్పి చూశాను. ఒక్కదానికీ కన్ను లేదు. నాలుగోసారి అడిగే ఓపిక నాకు లేదు. అత్తగారు వండిన రోజున కూడా కొంత మిగిల్చారు. ఇప్పుడు వండకముందే ఏమీ మిగలకుండా వస్తోంది. ఆవాలు నూరి కూర చేశాను, బాగానే కుదిరింది. తర్వాత బాల్కనీలోకి వెళ్లి, అలవాటు కొద్దీ, ఆ ఖాళీ కుండీలో నీళ్లు పోసి వచ్చాను.