ఫర్హీన్ తెచ్చిన నిమ్మకాయ

నాంపల్లి స్టేషన్ బయట సోడా బండి మీద నిమ్మకాయ కోసిన వాసన తగిలితే చాలు, నాకు సుగుణ టీచర్ గుర్తొస్తారు. అబిడ్స్‌లోని మా బళ్లో ఆవిడ సీనియర్ సైన్స్ టీచర్, మెదక్ మనిషి. నేనేమో కొత్త, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను ఇంటర్నెట్‌లో వెతికిన వీడియోలు తెర మీద వేసి పాఠం చెబుతుంటే, ఆవిడ వెనక బెంచీలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకునేవారు. నా తప్పులన్నీ హెడ్‌మిస్ట్రెస్‌కు చేరవేస్తున్నారని నాకు గట్టి అనుమానం. ఆవిడ పలకరించి నవ్వినా ఒళ్లు మండేది.

ఒకరోజు నిమ్మకాయకు రాగి తీగ, జింకు మేకు గుచ్చి చిన్న ఎల్ఈడీ బల్బు వెలిగించే వీడియో చూపించాను. మర్నాడు పిల్లలు తలా ఒక నిమ్మకాయ తెచ్చారు. ఒక్కరిదీ వెలగలేదు.

"వీడియోల వెలిగింది గద మేడం, నాదెందుకు వెలుగుతలేదు?" అంది ఫర్హీన్.

వెనక కలం కదులుతోంది. "నీ కాయ ఎండిపోయింది, మంచిది తెచ్చుకోవద్దా?" అని గదమాయించాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని కాయను సంచిలో దాచుకుంది.

స్టాఫ్ రూంలో ఇక ఆగలేకపోయాను. "టీచర్, నా మీద ఏం రాస్తున్నారు?"

"నీ మీదనా? జర గిది చూడు," అంటూ నోటుబుక్కు నా ముందుకు తోశారు.

నేను చూపించిన ప్రతి వీడియోలోని ప్రయోగాన్నీ ఆవిడ ఇంట్లో చేసి చూశారు. ఒక్కోదాని పక్కన 'నిజం', 'అబద్ధం' అని రాసుకున్నారు. చివరి పేజీలో ఉంది: 'ఒక్క నిమ్మకాయతో వెలగలేదు. నాలుగు కలిపితే వెలిగింది.'

"తెలిసీ చెప్పలేదేం టీచర్?"

"నువ్వు సుత చేసి చూసే వచ్చినవనుకున్న. నా అనుమానమంత వీడియో మీదనేనమ్మా, నీ మీద లేకుండె. గని తప్పు ఆ పోరి కాయ మీదికి ఎందుకు తోసినవ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. "హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్తారా?"

"నేనెందుకు చెప్త? నువ్వు ఫర్హీన్‌కు చెప్పు."

మర్నాడు చెప్పబోయే వేళకు హెడ్‌మిస్ట్రెస్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. అయినా చెప్పాను, నేను చేసి చూడకుండానే చూపించానని, తప్పు నాదేనని. ఫర్హీన్ సంచిలోంచి నిన్నటి కాయ తీసింది.

"అయితే నాది మంచిదే గద మేడం?"

ఇంకో మూడింటితో కలిపాం. బల్బు వెలిగింది. నా ఉద్యోగం మాత్రం ఆర్నెల్లు ఆలస్యంగా ఖాయమైంది.

టీచర్ ఇప్పుడు లేరు. వీడియోలు ఇప్పటికీ చూపిస్తాను, ముందు మా వంటింట్లో చేసి చూశాకే. అప్పుడప్పుడూ క్లాసులో వెలగవు. అలాంటప్పుడు వెనక బెంచీ వైపు చూస్తాను కానీ, పిల్లల చేతిలోని కాయ వైపు చూడను.