బొమ్మ కుడివైపు, రాత ఎడమవైపు

మా లెక్కల సారు పోయారు. పొద్దున్నే వారి పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పోయిండు. చాయ్ తాగి గ్లాసు కింద వెట్టిండు, గోడకు ఒరిగిండు. గంతే. దవాఖానకు తీస్కపోయే పని గూడ వెట్టలే" అన్నాడు.

నాకు ముందు కలిగింది ఊరట. దుఃఖం తర్వాత వచ్చింది. చదివేవాళ్లు తప్పుగా అనుకోవద్దు. సారుకు ఎనభై దాటాయి. పోయినసారి కలిసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నాకు గొట్టాలు వెట్టి పండవెట్టనియ్యకు. మావోళ్లకు నువ్వన్న చెప్పు" అన్నారు. చావు గురించి వారు నాతో మాట్లాడింది అదొక్కసారే. ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

వారి ఇల్లు శంషాబాద్‌లో విమానాలు దిగే దారిలో ఉంది. కొత్త విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి మాట మధ్యలో చప్పుడు తప్పేది కాదు. సారు చిరాకు పడేవారు కాదు. విమానం పోయేదాకా ఆగి, ఏ మాట దగ్గర ఆపారో ఆ మాట నుంచే మొదలుపెట్టేవారు. "చుట్టూ ప్లాట్లయినై. రాళ్లు పాతినకాడ నా శిష్యులే ఉన్నరు, అమ్మినోళ్లల్ల నా శిష్యులే ఉన్నరు. లెక్క మటుకు బాగనే నేర్పిన" అని నవ్వేవారు. బయలుదేరేవాళ్లను గడప దాకా వచ్చి సాగనంపుతూ "హాసిల్ మర్వకు" అనేవారు. కూడికలో పక్క వరుసకు తీసుకుపోయే అంకెను వారు హాసిల్ అనేవారు. అది మరిచిపోతే మొత్తం తప్పుతుంది. ఆ మాట ఇంటికి పోయేవాడికి ఎందుకు చెప్పేవారో నేను ఎన్నడూ అడగలేదు.

అరవైల మొదట్లో నేను శంషాబాద్ హైస్కూల్లో చేరాను. మాది మహేశ్వరం వైపు పల్లె. కిరాయి గదిలో ఉండి, జొన్నరొట్టె చేసుకుని బడికి పోయేవాళ్లం. అప్పుడే బడి ఉర్దూ నుంచి తెలుగులోకి మారుతోంది. బోర్డు పరీక్ష తెలుగులో రాయబోయే మొదటి జట్టు మాదే. ఆడపిల్లలు హైస్కూలుకు రావడం కూడా అప్పుడే మొదలయింది. మా తరగతిలో ఒక్కతే ఉండేది, రైలు గేటు కాపలాదారు కూతురు సక్కుబాయి.

సారుది హిమాయత్ సాగర్ దగ్గరి కాపుదనం చేసుకునే రైతు కుటుంబం. ఇంట్లో తెలుగే. చదువంతా ఉర్దూ. తెలుగు నోటితో వచ్చు, చేతితో రాదు. షేర్వాణీ జేబులోంచి చాక్‌పీసు తీసి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసే అలవాటుగా బోర్డు కుడి కొసకు పోయేవారు. గుర్తుకొచ్చి ఎడమ కొసకు నడిచి వచ్చేవారు. మేము ముందు నవ్వేవాళ్లం, తర్వాత మానేశాం.

పుస్తకంలోని తెలుగు మా ఇండ్లలో తెలుగు కూడా కాదు. ఒకరోజు సారు "వృత్తమునకు వ్యాసము గీయుము" అని చదివి ఆగిపోయారు. "వ్యాసం గీసుడేంది? వ్యాసం రాస్తరు గదా" అన్నారు.

వెనక బెంచీ నుంచి నర్సింలు లేచాడు. "ఆవు మీద రాయాల్నా సార్?"

తరగతి అంతా నవ్వింది. సారు పుస్తకం పట్టుకుని తెలుగు పంతులు దగ్గరికి పోయి వచ్చారు. "దొరికింది. మన ఉర్దూ ఖుతర్‌కే గీ పుస్తకమోళ్లు వ్యాసమని పేరు వెట్టిన్రు" అని, బోర్డు మీద 'వాసం' అని రాశారు.

సక్కుబాయి మెల్లగా అంది, "సార్, య వత్తాలె."

"ఏడ ఒత్తాలె బిడ్డా? ఇప్పటికే చాక్‌పీసు ఇరిగేటట్టు ఒత్తుతున్న."

ఆనాటి నుంచి ఒక ఒప్పందం కుదిరింది. మా లెక్కలు ఆయన దిద్దాలి, ఆయన అక్షరాలు మేము దిద్దాలి. "తప్పయితే కొట్టెయ్యిన్రి, దాయకున్రి" అని మాకు చెప్పినట్టే తనూ చేసేవారు. కొట్టివేతలతో బోర్డు నిండిపోయేది.

చలికాలంలో హెడ్‌మాస్టరు మా గది బయట నిలబడి సారుతో అన్న మాటలు అందరికీ వినిపించాయి. "రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నడు. తెలుగుల చెప్పరాదని రాసిండంటే నిన్ను పట్నంల ఉర్దూ బడికి పంపుతరు. నా చేతుల ఏం లేదు."

"నేను పోతే పోత. నా జాగల ఎవరొస్తరు?"

"ఎవరూ రారు. తెలుగుల లెక్కలు చెప్పేటోళ్లు ఉంటే కదా."

సారు లోపలికి వచ్చి లెక్క కొనసాగించారు. మాకు ఒక్క అంకె ఎక్కలేదు. లెక్కల సారు లేకుండా బోర్డు పరీక్ష గట్టెక్కేవాడు మాలో ఒక్కడూ లేడు. మా బాపు ముందే చెప్పి ఉంచాడు, "ఫేలైతే ఏడ్వకు. నాగలి తయారుగుంది" అని.

మరునాడు ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. కోస్తా మనిషి. "ఏమండీ మాస్టారూ, వ్యాసానికీ పరిధికీ ఉన్న సంబంధం పిల్లలకు వివరించండి" అన్నాడు.

సారు చాక్‌పీసు తీసి నేరుగా బోర్డు కుడి కొసకు పోయారు. చెయ్యి పైకి లేచింది. సక్కుబాయి తల దించుకుంది. నేను కిటికీ వైపు చూశాను.

చెయ్యి కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత అక్కడే, ఆ కుడి కొసనే, పెద్ద వృత్తం గీశారు. ఏ పరికరమూ లేకుండా ఒకే ఊపున. ఆ తర్వాత తీరికగా నడిచి ఎడమ కొసకు వచ్చి రాయడం మొదలుపెట్టారు. 'వా' అని రాసి ఆగారు. మావైపు తిరగలేదు. కింద య వత్తు పెట్టారు. సక్కుబాయి ఊపిరి వదిలిన చప్పుడు గదంతా వినిపించింది.

పాఠం అయ్యాక ఇన్‌స్పెక్టరు లేచాడు. "బొమ్మ కుడివైపు, రాత ఎడమవైపు. పద్ధతిగా ఉందండీ. ఎక్కడ నేర్చుకున్నారు?"

"అలవాటు సార్" అన్నారు సారు.

ఇన్‌స్పెక్టరు పోతూ పోతూ నర్సింలు దగ్గర ఆగాడు. "వ్యాసమంటే ఏమిటోయ్?"

"వృత్తం నడిమిట్లకెళ్లి ఈ కొస నుంచి ఆ కొసకు గీసే గీత సార్" అన్నాడు వాడు. అంతటితో కూర్చోలేదు. "ఆవు మీద రాసేది వేరే సార్."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. అతను హెడ్‌మాస్టరు గదిలోకి పోయాడు. మేము కదలకుండా కూర్చున్నాం. సారు బోర్డు తుడవలేదు. ఇన్‌స్పెక్టరు జీపు గగన్‌పహాడ్ మీదుగా పట్నం వైపు పోయాక హెడ్‌మాస్టరు గుమ్మంలో నిలబడి, "ఇగ నువ్వేడికి పోవు. గీళ్లను పాసు చేయించు" అని వెళ్లిపోయాడు.

సారు కుర్చీలో కూర్చుని మొహం తుడుచుకున్నారు. కాసేపటికి "ఇయ్యాల లెక్క లేదు. పోయి ఆడుకోన్రి" అన్నారు.

మైదానంలో చిర్రగోనె, అదే బిళ్లంగోడు, మొదలుపెట్టాం. కొంచెం సేపటికి సారు కూడా వచ్చారు. షేర్వాణీ విప్పి సక్కుబాయి చేతికిచ్చారు. నర్సింలు దగ్గర గోనె కర్ర తీసుకున్నారు. మా సారు పరుగెత్తగా కూడా ఎన్నడూ చూడలేదు మేము. చిర్రను ఒక్క దెబ్బతో లేపి, రెండో దెబ్బ కొట్టారు. అది రైలు పట్టాల వైపు ఎగిరింది. "పట్టున్రి, పట్టున్రి" అని ఆయనే కేకలు వేస్తున్నారు. ఎవరూ కదల్లేదు. కర్ర భుజాన పెట్టుకుని, చాక్‌పీసు పొడి అంటిన చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని, అది ఎక్కడ పడుతుందా అని పైకి చూస్తూ నిలబడ్డారు సారు.