ఇప్పచెట్టు కింద ఊడ్చిన నేల

డిస్క్ గోల్ఫ్ ఆడటానికి చోట్లు వెతుకుతూ ఫోన్‌లో 'నేల', 'అనుమతి' లాంటి గడులతో ఒక పట్టిక రాసుకున్నాను. పళ్లెం లాంటి డిస్క్‌ను దూరం నుంచి విసిరి గొలుసుల బుట్టలో పడేయడమే ఆట. మా వైపు బుట్టలు లేవు కాబట్టి ఏదో ఒక చెట్టు మొదలును గురి పెట్టుకుంటాను. హుస్నాబాద్ దగ్గర కరెంటు తీగలు అడ్డమొచ్చాయి. శ్రీరాంపూర్‌లో కాపలాదారు రానివ్వలేదు. ఇక మిగిలింది ఇచ్చోడ దాటాక ఒక్క చోటే. అదీ కుదరకపోతే డిస్క్ మళ్లీ అటకెక్కాల్సిందే.

మార్చిలో ఒకరోజు తెల్లారేసరికి చేరాను. పలచని వెలుతురులో ఒక పెద్ద చెట్టు, దాని కింద ఒక్క ఎండుటాకు కూడా లేకుండా ఊడ్చిన గుండ్రటి నేల. నాకంటే ముందే ఎవరో ఇక్కడ ఆడుతున్నారనుకుని సంబరపడ్డాను. 'నేల: శుభ్రం' అని రాసుకుని డిస్క్ విసిరి, దాని వెనకే నడిచాను.

"ఓ బిడ్డా, ఆగు! చెప్పులిడిసి రా!" చెట్టు చాటు నుంచి ఒక ముసలామె లేచింది.

"ఇది ఆడుకునే జాగా కాదా, అవ్వా?"

"ఆటనా? ఇప్పపువ్వు ఏరుకోనీకి నేనే ఊడ్చిన. ఆకుల్ల పడితే నాకు కనవడ్తదా?"

అప్పుడు చూశాను. లేత పసుపు పూలు ఒక్కొక్కటే, చప్పుడు లేకుండా రాలుతున్నాయి. ఆమె నా డిస్క్‌ను వెల్లకిలా తిప్పి చూసింది.

"గిది పువ్వు పోసుకోనీకి మంచిగున్నది, అంచు సుత ఉన్నది. పట్టు, ఏరు."

ఎండెక్కేదాకా ఏరాను. రెండోసారి విసరనే లేదు.

"పువ్వు అయిపోయినంక రా బిడ్డా. గప్పుడు ఎంతన్న ఆడుకో."

పట్టికలో 'అనుమతి' గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. తియ్యటి వాసన అంటిన వేళ్లతో అందులో మొదటిసారి రాశాను: పువ్వు అయిపోయాక.